ఆరని బట్టలు

ఈ సాయంత్రం హోంవర్క్ దగ్గర మా ఆరేళ్ల పాపను గట్టిగా కసిరాను. అది ఏడవకముందే నాకే ఏడుపొచ్చేలా ఉంది. దాన్ని మా ఆయనకు అప్పగించి, బట్టలు తెస్తానని టెర్రస్ మీదికి వెళ్లాను. మల్కాజ్‌గిరి ఎండకు అవి మధ్యాహ్నానికే ఆరిపోయాయని నాకు తెలుసు. అయినా తీగ మీది దుప్పటి చాటున ఊరికే కూర్చున్నాను.

పది నిమిషాలయ్యాక కింది నుంచి పాప కేక వేసింది.

"అమ్మా, ఇంకెంతసేపు?"

లేవబోయాను. అవతలి తీగ మీది చీరలు తీస్తున్న పక్కింటి ఆంటీ నన్ను కూర్చోమని సైగ చేసి, పిట్టగోడ మీంచి కిందికి వంగారు.

"మీ బట్టలు ఇంక ఆరలే బిడ్డా. జెర సేపైనంక వస్తది మీ అమ్మ."

తర్వాత నా వైపు చూడకుండానే చీర మడతపెడుతూ అన్నారు: "నా పిల్లలు చిన్నగున్నప్పుడు మా బట్టలు ఎండకాలంల సుత ఆరకపోతుండె."

కిందికి వచ్చాక హోంవర్క్ కసురుకోవడం లేకుండానే పూర్తయింది.

మీరంతా ఏ వంకతో కాసేపు తప్పించుకుంటారో చెప్పండి. నాకైతే రేపు ఉతకాల్సినవేమీ లేవు. శుభ్రంగా ఉన్న దుప్పటే ఒకటి తడిపి ఆరేస్తాను.