మీటింగులో చదవని పేజీలు

నాకు కోపం ఎక్కువని స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలుసు. అందుకేనేమో ఆ వారం నా పక్కన ఎవరూ కూర్చోలేదు. పదకొండేళ్లుగా నా క్యారియర్‌లో పచ్చడి కోసం చెయ్యి చాపే లెక్కల మాస్టారు కూడా కిటికీ దగ్గరికి మారిపోయి, గోడకేసి చూస్తూ అన్నం తిన్నారు.

కూర్మన్నపాలెం దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లలు పాఠాలతో పాటు ఏడాదికి నాలుగు నవలలు చదవాలని జాబితా వేసింది నేనే. మూడింటి ఊసు ఎవరూ ఎత్తలేదు. నాలుగోది చేపలమ్ముకునే ఒకామె కథ. తాగొచ్చి కొట్టే మొగుణ్ణి ఒకరోజు ఆమె వీధిలో నిలబెట్టి నోటికొచ్చినట్టు తిడుతుంది. రెండు పేజీల తిట్లు. ఆ తిట్ల చివర ఏడుపు వస్తుంది. అది ఎన్నిసార్లు చదివినా మళ్లీ వెనక్కి తిప్పి చదువుకుంటాను.

తరగతిలో ఆ రెండు పేజీలూ నేను చదివితే బాగుండదనిపించింది. ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి మా నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చారు. ఇక్కడే పుట్టినా ఆ తిట్లలో ఉన్న ఇక్కడి యాస నా నోట అతికించినట్టే ఉంటుంది. అందుకని సముద్రం ఒడ్డు ఊరి నుంచి ఆటోలో వచ్చే ఒక అమ్మాయిని లేపి చదవమన్నాను. వాళ్లమ్మ చేపలమ్ముతుంది. ఎంత బాగా చదివిందో. పిల్లలు నవ్వారు. నవ్వితే నవ్వనీ, కథలో పడ్డారనుకున్నాను. నా తెలివి అలా ఏడ్చింది.

వారం తిరక్కుండా ఒక పేజీ ఫొటో, ఎర్ర గీతలతో, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో తిరిగింది. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసే ఒక తండ్రి ప్రిన్సిపాల్ గదిలో నాతో మర్యాదగానే మాట్లాడాడు.

"ఇంట్లో మేమే పిల్లల ముందు అలాంటి మాటలు అనమండి. మీరు బళ్లో చదివిస్తే ఎలాగండి మేడమ్ గారూ?"

పుస్తకం మొత్తం చదివారా అని అడిగాను. "ఆ పేజీ చాలదాండీ?" అన్నాడు. జాబితాలో ఆ పుస్తకం ఉండాలో వద్దో వచ్చే శనివారం తల్లిదండ్రుల మీటింగులో తేలుస్తామన్నారు ప్రిన్సిపాల్.

నేనూ నా ఏర్పాట్లు చేసుకున్నాను. ఆ రెండు పేజీలూ మొదటి నుంచి ఏడుపు దాకా అందరి ముందూ పైకి చదవాలి. ఇలా మాట్లాడే అమ్మల పిల్లలు కూడా మన బళ్లో ఉన్నారు, వాళ్ల కోసం ఈ పుస్తకం ఉండాలి అని చెప్పాలి. ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి నాలుగు సాయంత్రాలు వంటింటి గోడకి చదివి వినిపించాను. గోడ ఒప్పుకుంది.

శుక్రవారం బడి వదిలాక ఆ అమ్మాయి వరండాలో నా కోసం నిలబడి ఉంది.

"రేపు మీటింగుకి మా అమ్మ వత్తాది మేడమ్. ఆ పేజీలు సదవకండి."

"అందులో తప్పేముందమ్మా?"

"తప్పని నాను అన్లేదు. మా అమ్మా అలాగే మాట్లాడతాది. ఆరోజు నుంచి క్లాసులో నన్ను ఆ తిట్టు పెట్టే పిలుస్తన్నారు. నా బెంచీలో ఎవులూ కూకోట్లేదు. రేపు మీరు సదివితే అందరూ మా అమ్మకేసి సూత్తారు."

నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదని నేను వారం రోజులుగా కుమిలిపోతున్నాను. నా క్లాసులోనే, నా కళ్లెదుటే, ఈ పిల్ల రెండు వారాలుగా ఒంటరిగా కూర్చుంటోంది. నాకు కనబడలేదు. చాలా సిగ్గేసింది. ఆ పిల్లల సంగతి నేను చూస్తానన్నాను.

"మీరేటీ అనకండి మేడమ్. అంటే ఇంకా ఎక్కువ సేత్తారు" అంది.

శనివారం ప్రిన్సిపాల్ "మీరేమంటారు మేడమ్?" అని అడిగినప్పుడు పుస్తకం నా ఒళ్లో మూసే ఉంది. మీ ఇష్టం అన్నాను. తీసేద్దామని అందరూ చేతులెత్తారు. వెనక వరసలో కూర్చున్న ఆ పిల్ల తల్లి కూడా అటూ ఇటూ చూసి చెయ్యెత్తింది. లెక్కల మాస్టారు నాకేసి చూసి తల తిప్పుకున్నారు. ఇంత నోరుగల మనిషి చివరికి జారిపోయిందని అనుకుని ఉంటారు. ఎవరికని చెప్పుకోను?

గేటు దగ్గర ఆ తల్లి నన్ను ఆపింది. పక్కన కూతురుంది.

"ఏటి మేడమ్, ఏ పుస్తకం తీసేత్తన్నారు? నాకేటీ అర్థం కాలేదు. అందరూ ఎత్తారని నానూ ఎత్తీసాను. ఏటి రాసారందులో?"

అమ్మాయి నాకేసి చూసింది.

"ఒక కథమ్మా" అన్నాను.

"మంచిదేనా?"

"మంచిదే."

"మరెందుకు తీసేత్తన్నారు?"

"రాయే, ఆటో ఎల్లిపోతాది" అంటూ అమ్మాయి తల్లి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఆటో ఎక్కాక కూడా ఆవిడ తల బయటపెట్టి జవాబు కోసం నాకేసి చూసింది. పుస్తకం నా సంచీలోనే ఉంది.