గడియ పెట్టిన గదిలో శ్రుతి

నా చిన్నప్పుడు మదనపల్లెలో మా ఇంటి ముందు గదే మా అంగడి. హార్మోనియంలు, తబలాలు, భజనల వాళ్లకు తాళాలు అమ్మేవాళ్లం, రిపేర్లూ చేసేవాళ్లం. బేరాలు మా నాయన పని, శ్రుతి చేయడం మా తాత పని. అయితే తాతకు చెవి మందగించింది; మాటలు వినపడేవి గానీ, స్వరాల్లో సన్నని తేడాలు అందేవి కావు. ఆ సంగతి మా ఇంటి గడప దాటలేదు. శ్రుతి చేసే మనిషికే చెవుడని తెలిస్తే ఇంక అంగడికి ఎవరొస్తారు?

అందుకని వెనక గదిలో కూర్చుని శ్రుతి చేసేది నేను. అవి డెబ్బైల చివరి రోజులు, నాకు పన్నెండేళ్లు. హార్మోనియంలో స్వరం పలికే ఇత్తడి రేకు, రీడు; దాన్ని మొన దగ్గర గీకితే స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. వెంట్రుకవాసి ఎక్కువైతే రీడు చెడినట్టే. అబద్ధమెందుకు, తాత ఎంతో ఓర్పుగా నేర్పాడు. పేరు మాత్రం ఆయనకే పోయేది. నాకది కడుపుమంటగా ఉండేది.

ఒకరోజు కుప్పం నుంచి నాటకాల హార్మోనిస్టు ఒకాయన, రిపేరుకిచ్చిన తన పెట్టె కోసం వచ్చాడు. నాలుగు మెట్లు నొక్కి కళ్లు మూసుకున్నాడు.

"అబ్బ! ఏం శ్రుతి మేస్త్రీ! తేనె కారతాండాది!"

నాకు నోరాగలేదు. ముందు గదిలోకి పరుగెత్తి, "నేనే చేసినా!" అన్నాను.

నాయన ముఖం మాడిపోయింది. హార్మోనిస్టు నన్నూ, నా చేతిలోని ఆకురాయినీ ఎగాదిగా చూశాడు. మళ్లీ అవే మెట్లు నొక్కాడు.

"అదే అనుకుంటాండా, గాంధారం కాడ ఏందో తేడాగా ఉండాది. ఆడబిడ్డతో యాల చేయించినావప్పా? పుంగనూరులో నాటకం ఉండాది నాకు. నువ్వే కూసోని సరిగ్గా చెయ్యి," అని తాతతో చెప్పి పెట్టె వెనక్కి నెట్టాడు.

రెండు రోజులాగి రమ్మన్నాడు తాత. నేను ఏడుస్తూ గాంధారం రీడు విప్పబోతే చేతిమీద ఒక్కటిచ్చాడు.

"తాకొద్దు. నువ్వు చేసినాక దానికేం? బాగుండాది."

పెట్టెను బీరువా మీద పెట్టి గుడ్డ కప్పేశాడు. ఆ రెండు రోజులూ దాన్ని ఎవరూ ముట్టలేదు. హార్మోనిస్టు వచ్చాక దుమ్ము తుడిచి, "నా చేత్తో చేసినా, సూసుకో," అని ఇచ్చాడు. ఆయన వాయించి తలూపి, "ఇదీ మేస్త్రీ చెయ్యంటే!" అన్నాడు. పోతూ పోతూ నాకు బుద్ధి కూడా చెప్పాడు, "సూడమ్మా, తాత కాడ బాగా నేర్చుకో," అని. నా ఒళ్లు మండిపోయింది.

ఆయన వీధి మలుపు తిరిగాక నాయనా తాతా కడుపుబ్బ నవ్వారు. "సూసినావా పాపా, తేడా అంతా వాని తలకాయలోనే ఉండాది," అని తాత నా తల నిమిరాడు. నేనూ నవ్వాను. నా పనికి వంక లేదని తాతే అన్నాడు కదా అని పొంగిపోయాను.

ఆ సాయంత్రమే నాయన ఇంకో పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. బయటికి పోయి తలుపు మూసి గడియ వేశాడు. మళ్లీ ఎవరైనా మెచ్చుకుంటే నేను పరుగెత్తుకుని రాకుండా! తాత నాయన పక్కనే ఉన్నాడు. గడియ తీయమనలేదు.

నాకిప్పుడు అరవై దగ్గరపడ్డాయి. ఆ కుప్పం ఆయన మీద కోపం ఎప్పుడో పోయింది. తాత మీద పోలేదు. పని నేర్పింది ఆయనే, నా పని ఎంత మంచిదో ఈ లోకంలో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు. ఇప్పటికీ ఎవరైనా నన్ను చాటుకు పిలిచి మెచ్చుకుంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. నలుగురిలో అనలేని మంచిమాట నాకొద్దు, నీ దగ్గరే పెట్టుకో అంటాను.