కోడి సంచికి ఆరు గాట్లు

కేకులు చేసుకుందామని మా కోడలు ఓవెన్ కొనుక్కుంది. ఆ తర్వాత కొన్నాళ్లకి ఒక చిన్న అట్టపెట్టె వచ్చింది. తెరిచి చూస్తే మడతలు పెట్టిన కవర్లు. వాటిలో కోడిని పెట్టి, మూతి కట్టి, ఓవెన్‌లో కాల్చాలట.

"కాలిపోదేటే?" అన్నాను.

"కాలదత్తా. ఇవి అందుకోసమే చేసినవి. ఓవెన్ సంచులు."

పాల పేకెట్టు పొయ్యి దగ్గర పెడితేనే ముడుచుకుపోతుంది. అలాంటిది కవర్ని నిప్పుల పెట్టెలో పెట్టమంటున్నారు. చదువుకున్నవాళ్లు ఏది చెప్పినా నమ్ముతారు అనుకున్నాను. తీరా ఈమధ్యే నేనూ చదువుకున్నాను కదా, నమ్మేశాను.

నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. కోడలే నేర్పింది. మనవరాలి పలకతో మొదలుపెట్టి బస్సు బోర్డుల దాకా వచ్చాను. నేను బోర్డు పూర్తిగా చదివేలోగా బస్సు వెళ్లిపోతుంది, అది వేరే సంగతి. ఇంట్లో మాత్రం నా చదువుకి విలువ లేదు. పేపరు పట్టుకుంటే మా ఇంటాయన "బొమ్మలు బాగున్నాయేటి?" అంటాడు. నేను చదివి చెప్పిన మాటని సాయంత్రం కోడల్ని మళ్లీ అడిగి గాని నమ్మడు.

అందుకే ఒక కోరిక పుట్టింది. నలభై ఏళ్లు చేతి అంచనాతో వండాను. ఒక్కసారి కాగితం చూసి వండి, ఆయన కంచంలో పెట్టి, "ఇది నేను చదివి వండింది" అనాలి. పెట్టె మీదంతా ఇంగ్లీషే. కోడలు తన కాలేజీకి వెళ్లేముందు గీతల కాగితం మీద పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో అంతా రాసి ఇచ్చింది.

సరిగ్గా ఆ రోజే శ్రీకాకుళం నుంచి పొద్దుటి బస్సుకి మా వదిన దిగింది. ఇంటాయనకి అప్ప, అంటే అక్క; నాకు ఆడపడుచు. మా వాళ్లలో ఏ పెళ్లి జరిగినా మాంసం కుండ దగ్గర ఆవిడ నిలబడాల్సిందే. మూత చుట్టూ పిండిముద్ద అద్ది బిగించేస్తుంది. ఎక్కడైనా సన్నగా ఆవిరి కనిపించిందా, బొటనవేలితో అక్కడ ఇంకో ముద్ద. "ఆవిరెలిపోతే కూరెలిపోయినట్టే" అన్నది ఆవిడ వేదం.

వదిన వినాలనే గట్టిగా చదివాను. సంచిలో చెంచాడు పిండి వేసి ఆడించాను. పెరుగు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించిన నాటు పెట్టని లోపలికి దింపి మూతి కట్టాను. కత్తెర తీసుకుని, "సంచి పైభాగాన ఆరు చిన్న గాట్లు పెట్టాలి" అని చదివాను.

"గాట్లేటి?"

"ఆవిరి పోడానికి వదినా."

"ఓలమ్మో! ఆవిరి పోడానికి కన్నాలెట్టినోళ్లు మూతెందుకు కట్టేరే? సుట్టాన్ని పిల్సి తలుపేసుకున్నట్టున్నాది."

నిజం చెప్పాలంటే ఆ అనుమానం నాకూ ఉంది. కానీ కాగితం ఆరు అంది. ఒకటీ రెండూ అని లెక్కపెట్టి ఆరూ కోశాను.

ఓవెన్ ముందుగా పది నిమిషాలు వేడెక్కాలి. ఈలోగా వీధిలో కూరల బండి అరిస్తే కొత్తిమీర కోసం బయటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి కోడి లోపలుంది, ఓవెన్ తలుపు మూసి ఉంది.

"నానే తోసీసేను. నువ్వు బేరమాడతన్నావు కదా" అంది వదిన.

ఓవెన్ ముందు కూర్చోబోతే ఒప్పుకోలేదు. "అలగ సూస్తే సిగ్గుపడి ఉడకదే. ఇలా రా, సిక్కుళ్లు ఈనె తీద్దాం" అని వసారాలోకి లాక్కుపోయింది.

అరగంటకి మా ఇంటాయన కొట్టు నుంచి భోజనానికి వచ్చాడు. గుమ్మంలో ఒక చెప్పు విడిచాడో లేదో వంటింట్లో టప్పుమని పేలింది. మనిషి ఒంటి చెప్పుతో మళ్లీ వీధిలోకి పరుగు. "సిలిండరు! సిలిండరు!" అని అక్కడ్నుంచే కేకలు. లోపల మేమిద్దరం ఉన్నామన్న సంగతి కాసేపటికి గుర్తొచ్చినట్టుంది, కిటికీలోంచి తొంగిచూశాడు.

స్విచ్చి తీసి తలుపు తెరిచాను. పొగ. సంచి చినిగి వేలాడుతోంది. మసాలా ఓవెన్ లోపలి నాలుగు గోడలకీ సున్నం వేసినట్టు పట్టింది.

"సదివి వండితే ఇలగే ఉంటాది" అన్నాడు ఇంటాయన, ధైర్యం తిరిగొచ్చాక. "ఏదో సదవాల్సింది ఏదో సదివుంటావు. కోడలొచ్చేక అడుగుదాం."

పేలినందుకు కాదు, ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. వదిన మాత్రం పెదవి విప్పలేదు. ఆవిడ నోరు మూసుకుందంటే నేను అప్పుడే అనుమానించాల్సింది.

చల్లారాక ఓవెన్ తుడుస్తుంటే చినిగిన సంచి మీద గట్టి బిళ్లలు తగిలాయి. నాలుగు. చపాతీ పిండి! సాయంత్రానికని నేను కలిపి పెట్టిన పిండే. సరిగ్గా నేను కోసిన గాట్ల మీద అద్ది ఉంది; మిగతా రెండు గాట్ల మీదవి పేలుడుకి ఊడి మాడిపోయినట్టున్నాయి. ఆవిరికి దారి లేక సంచి బూరలా ఉబ్బి, పైన ఎర్రగా కాలే కడ్డీకి తగిలి పేలింది. ఒక్కో బిళ్ల మీదా చక్కటి బొటనవేలి ముద్ర. ఎన్నో ఏళ్లు వేలిముద్ర వేసి బతికినదాన్ని, వేలిముద్రని మాత్రం ఎక్కడున్నా చదవగలను.

ఆ నాలుగూ పళ్లెంలో పెట్టి, ఇంటాయన చూస్తుండగా వదిన ముందుంచాను.

"ఇదేటి వదినా?"

వదిన ఒకటి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. నోట్లో వేసుకుని నమిలింది.

"మసాలా బాగా పట్టినాది. ఉప్పే రవ్వంత తగ్గింది" అని రెండోది తీసుకుంది.

"ఏటి తింటన్నావప్పా?" అన్నాడు తమ్ముడు.

"రొట్టి ముక్కలురా."

సాక్ష్యం మొత్తం నా కళ్ల ముందే ఆవిడ కడుపులోకి పోయింది. గాట్ల మీద పిండి అద్దింది ఈవిడే అని నేను ఎంత చెప్పినా ఇంటాయన నమ్మలేదు. వదిన మూతి తుడుచుకుంటూ, "దీనికి అచ్చరాలొచ్చిన కాణ్ణించి మనుషుల మీద నేరాలు కూడా సదువుతన్నాది" అంది.

సంచి అంటుకున్న మేర తీసి పారేసి, మిగిలిన కోడిని కుండలో వేసి ఉడికించాను. ఇద్దరూ రెండేసి సార్లు వడ్డించుకున్నారు.

మూడు వారాలకి వదిన మళ్లీ దిగింది. చేతిలో స్టీలు డబ్బా, అందులో శుభ్రం చేసిన పెట్ట. నేరుగా వంటింట్లోకి వచ్చి పీట వాల్చుకుని కూర్చుంది.

"ఆ కాయితం తే. సదువు."

చదివాను. పిండి అయింది, కోడి అయింది, మూతి అయింది. కత్తెర ఆవిడే తీసుకుంది.

"ఎన్నన్నాది?"

"ఆరు."

ఇంటాయన గుమ్మంలోంచి, "కోడలొచ్చేదాకా ఆగండే, ఓ మాటడిగి కోద్దురు" అన్నాడు.

"కోడలెందుకురా? ఇది సదివింది సాలదేటి?" అని కసిరి, వదిన మొదటి గాటు కోసింది.

నేను చాలాసేపు కాగితంలోంచి తల ఎత్తలేదు. చదవాల్సింది ఎప్పుడో అయిపోయినా సరే.

చపాతీ పిండి గిన్నెని మాత్రం ఆవిడ గుమ్మంలో కనిపించగానే పక్కింట్లో పెట్టి వచ్చాను.