ఉరిమినప్పుడు పీకిన ప్లగ్గు

అరకులో శుక్రవారం సంత. సాలూరు నుంచి వచ్చి ఇక్కడ ఫోటో స్టూడియో పెట్టినప్పటి నుంచీ నాకు ఆ రోజు ఊపిరాడదు. జిరాక్సులు, ప్రింట్లు, పాస్‌పోర్టు ఫోటోలు, అన్నీ జనానికి ఆ ఒక్క రోజే కావాలి. సరిగ్గా ఆ రోజే చూసుకుని కంప్యూటర్ అప్‌డేట్ మొదలుపెట్టింది. ఆపవద్దని తెర మీద రాసి, చుక్కలు గిరగిరా తిప్పుతూ కూర్చుంది. తిట్టి లాభం లేదని టీ తాగడానికి లేచాను.

స్టూలు మీద ఒకావిడ కూర్చుని ఉంది. కొండ మీది ఊరు, కాఫీ తోట మనిషి. పోయిన ఏడు పోడు భూమి పట్టా కోసం ఆమెనీ, భర్తనీ పక్కపక్కన నిలబెట్టి నేనే ఫోటో తీశాను. మొన్న తోటలో పిడుగు పడి అతను పోయాడు. అతనికి వేరే ఫోటో లేదు, ఆ ఒక్కటీ నా కంప్యూటర్లోనే ఉంది. దినం నాడు మనిషి ముఖం ఎదురుగా ఉండాలని ఆమె కొండ దిగి వచ్చింది.

"ఇది అవ్వగానే ఇస్తానమ్మా, కూర్చో" అని చెప్పి వెళ్లాను.

గ్లాసు చేతిలో ఉండగానే ఉరిమింది. అరకులో మధ్యాహ్నం ఉరమడం వింతేమీ కాదు. తాపీగా తాగి వచ్చేసరికి తెర నల్లగా ఉంది. ప్లగ్గు నేల మీద పడి ఉంది.

"ఎవరు పీకారు?" అని అరిచాను.

"నానే బాబూ. ఉరిమింది కదేటి. వైరంట పిడుగు లోపలికి వచ్చేత్తాదని బేగి పీకేసినాను. మావోడు ఇందులోనే ఉన్నాడు కదా."

ఈ కొండల్లో అందరూ అంతే. మబ్బు గుర్రుమంటే చాలు, టీవీ వైరూ, ఫోన్ ఛార్జరూ ఊడదీసి కూర్చుంటారు. అప్‌డేట్ మధ్యలో అలా పీకకూడదని ఆమెకెలా చెప్పను?

ప్లగ్గు పెట్టి ఆన్ చేశాను. నీలం తెర వచ్చింది. దానంతటదే ఆగింది, లేచింది, మళ్లీ నీలం తెర. అసలే పాత మిషను, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది.

"ఏటయింది బాబూ? ఇది కూడా పోనాదా?"

"లేదమ్మా, లేస్తుంది" అన్నాను. నాకే నమ్మకం లేదు.

పక్క మొబైల్ షాపతని ల్యాప్‌టాప్ అడుక్కుని, అందులో కంప్యూటర్ని బాగుచేసే పెన్‌డ్రైవ్ తయారుచేసుకొచ్చాను. దాంతో ఆన్ చేసి రిపేరు పెట్టాను. కుదరలేదు. మళ్లీ పెట్టాను. బాగుచేయడమంటే జనం ఏదో విద్య అనుకుంటారు. తెరకేసి చూస్తూ నడుం పట్టేసేదాకా కూర్చోవడమే. వచ్చినవాళ్లని వచ్చినట్టే పంపేశాను. ఏ జన్మలో ఏ పాపం చేసి ఈ షాపు పెట్టానో అనిపించింది. ఆమె మాత్రం కదల్లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా ముఖంకేసే చూస్తూ కూర్చుంది.

చివరికి ఆ కొత్త అప్‌డేట్‌నే తీసేయమని ఆజ్ఞ ఇచ్చాను. చాలాసేపు గింజుకుని, సంత సర్దుకునే వేళకి కంప్యూటర్ లేచింది. గబగబా వెతికితే ఫోటో దొరికింది. ఇద్దరూ బిగుసుకుపోయి నిలబడి ఉన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

అతని ముఖం వరకే కత్తిరించి ప్రింట్ కొట్టాను. కాగితం మెల్లగా బయటికొస్తోంది. జుట్టు వచ్చింది, నుదురు వచ్చింది, కళ్లు వచ్చాయి. అప్పుడు అద్దాలు అదిరేలా ఉరిమింది.

ఆమె దిగ్గున లేచి ప్లగ్గు మీద చెయ్యి వేసింది. ఒకసారి ప్లగ్గుకేసి, ఒకసారి కాగితంకేసి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రానీ బాబూ. మూతి కూడా రానీ" అంది.

ఇంకోసారి ఉరిమింది. ఆమె రెండు చేతులూ కాగితం కింద పట్టి అలాగే నిలబడింది.