ఢిల్లీ మీద మొదటి సంతకం

కొండాపూర్ పోలీసు పటేలు బాలనర్సయ్యకు కళ్లద్దాలు రెండు జతలుండేవి. ఒకటి చూడటానికి, రెండోది చూస్తున్నట్టు కనపడటానికి అని ఆయన భార్య భాగ్యమ్మ నవ్వేది. ఇంట్లో మాత్రమే నవ్వేది. బయట ఆ మాట ఎన్నడూ పొక్కనివ్వలేదు.

ఆ రెండో జత బంగారు రంగు ఫ్రేముది. ఠాణా నుంచి కాగితం వచ్చిన రోజున అది బయటికి తీసేవాడు. పైనుంచి కింది దాకా నింపాదిగా చూసి, "హుఁ" అని, మడిచి జేబులో పెట్టుకునేవాడు. ఎదురుగా నిలబడ్డవాళ్లకు ఆ ఒక్క "హుఁ" తోనే సగం పని అయిపోయినట్టుండేది.

బాలనర్సయ్య చదువురానివాడు కాదు. నిజాం కాలంలో ఉర్దూ బడిలో ఏడో జమాత్ దాకా చదివాడు. ఊళ్లో ఎవరు ఏ రోజున పుట్టారో, ఎవరు ఏ జబ్బుతో పోయారో అంతా ఆయన చేతిరాతలో ఒక లావుపాటి దఫ్తర్‌లో ఉంది. ఆ రాత చూస్తే ముత్యాలు పేర్చినట్టుండేది. పంచాయతీ అరుగు మీద కూర్చుని ఉర్దూ పేపరు విప్పి, లోకంలో జరిగేదంతా తెలుగు చేసి చెప్తుంటే, సాయంత్రం పూట రాళ్లు కొట్టి వచ్చినవాళ్లు బీడీలు ఆరిపోయినా మరిచిపోయి వినేవారు. కానీ రాజ్యం మారింది, దానితో కాగితమూ మారింది. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు గానీ ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఊరి లెక్కలు రాసే పట్వారీ రాజయ్యకు ఇంగ్లీషు వచ్చు; ఆయన ఉన్నన్నాళ్లూ ఆ లోటు బయటపడలేదు. ఇద్దరూ తలుపు దగ్గరికి వేసుకుని కూర్చుంటే పని జరిగిపోయేది. ఆ రాజయ్య కాలం చేశాడు. కొత్తగా వచ్చిన పట్వారీ కుర్రవాడు, నోటి దురుసు. అతణ్ని అడగడానికి బాలనర్సయ్యకు నోరు రాలేదు.

బడి పంతులు కామేశ్వరరావును అడగవచ్చు. తెనాలి వైపు మనిషి, మెత్తనివాడు. కానీ అంతకు రెండేళ్ల కిందట ఇదే అరుగు మీద పదిమందిలో, "నీ ఇంగ్లీషుదేమున్నది పంతులూ, మేము ఉర్దూల ఫర్మానాలు సదివినోళ్లం" అని ఆయన్ని ఎకసెక్కం చేశాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పోతాడు?

డెబ్భైల నడుమ, ఒక చలికాలం పొద్దున ఠాణా జమేదారు సైకిలు మీద వచ్చి ఒక ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టాడు. "పోచయ్యది పాస్‌పోర్టు విచారణ, పటేలా. రాసి, సంతకం వెట్టి పంపు. జర జల్ది."

"ఎల్లుండి పంపుతలే," అన్నాడు బాలనర్సయ్య, బంగారు అద్దాల్లోంచి.

ఆ ఎల్లుండి రాలేదు. కాగితం పోయి సందూకలో, దఫ్తర్ కింద పడింది. రేపు రేపనుకుంటూ నెల గడిచింది. నెల దాటాక ఇస్తే ఇన్నాళ్లు ఎందుకాగిందని అడుగుతారు కదా అన్న భయం వచ్చింది. రెండు నెలలు దాటాక ఆ సందూక మూత తీయాలంటేనే వెరపు.

పోచయ్య రాయదుర్గం గుట్టల్లో రాళ్లు కొట్టేవాడు. ఎంత పెద్ద బండనైనా చేత్తో తడిమి ఎక్కడ పగులుతుందో చెప్పగలవాడు. మస్కట్‌లో ఓడరేవు కట్టే కంపెనీకి రాతిపనివాళ్లు కావాలని, బోనాల లోపు పాస్‌పోర్టు ఉన్నవాళ్లను తీసుకుపోతామని ఏజెంటు చెప్పాడు. చుట్టుపక్కల ఏడుగురు పేర్లిచ్చారు. వాళ్లలో పోచయ్య, అతని బామ్మర్ది ఉన్నారు. ఆరుగురికి పాస్‌పోర్టులు వచ్చాయి. పోచయ్యకు రాలేదు.

వారానికోసారి వచ్చి అరుగు కింద నిలబడేవాడు.

"ఏమన్న తెలిసిందా, పటేలా?"

"ఢిల్లీల ఆగింది రా. పెద్ద కచేరి గద. ఫికర్ చెయ్యకు."

పక్కనున్నవాళ్లు పోచయ్యను ఆడుకునేవారు. "నీ ఫోటుల మీసం జూసి ఢిల్లీవోళ్లు జడుసుకున్నరేమో!" అందరూ నవ్వేవారు. పోచయ్య కూడా నవ్వేవాడు. బాలనర్సయ్య పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు.

ఇట్లా ఉండగా, ఎంపీ బోరింగు ప్రారంభానికి మూసాపేట వస్తున్నాడని తెలిసింది. పోచయ్య భార్య కిష్టమ్మ అరుగు దగ్గరికి వచ్చి అడిగింది. "ఢిల్లీల ఆగిందంటున్నవు గద పటేలా. మరి ఢిల్లీనే అడుగుదము. ఓ దరఖాస్తు రాయరాదు?"

అక్కడున్నవాళ్లంతా మంచి మాట అన్నారు. కాదనడానికి బాలనర్సయ్యకు దారి దొరకలేదు. కామేశ్వరరావు దరఖాస్తు రాశాడు. మొదటి సంతకం పటేలుదే ఉండాలన్నారు. ఢిల్లీ వాళ్ల ఆలస్యం వల్ల పేదవాడి బతుకు ఆగిపోయిందని రాసిన ఆ కాగితం కింద, బాలనర్సయ్య ఉర్దూలో, పొడుగ్గా, అందంగా తన పేరు పెట్టాడు. అంత చక్కటి సంతకం జన్మలో పెట్టలేదని ఆయనకే అనిపించింది.

ఎంపీ మూసాపేటలో దరఖాస్తు తీసుకుని, "సభలోనే అడుగుతా" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. కానీ ఆయన నిజంగానే అడిగాడు. జ్యేష్ఠంలో పంచాయతీ పేరు మీద ఒక లావు కవరు వచ్చింది. ఆ సాయంత్రం అరుగు చుట్టూ ఊరంతా చేరింది. తన పెనిమిటి పేరు ఢిల్లీ దాకా పోయిందని కిష్టమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది.

కామేశ్వరరావు కవరు చింపి, ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పసాగాడు. పాస్‌పోర్టులు ఆలస్యమవుతున్న మాట నిజమేనా అని ఎంపీ ప్రశ్న. దానికి విదేశాంగ మంత్రి సభలో ఇచ్చిన జవాబు. అరబ్బు దేశాలతో మన సంబంధాలు బాగున్నాయి. అక్కడ మనవాళ్లకు పనులు పెరుగుతున్నాయి. పాస్‌పోర్టుల కోసం వచ్చే అర్జీలు ఏటికేడు ఎక్కువవుతున్నాయి. సిబ్బందిని పెంచుతున్నాం. ఆగిపోయినవాటిలో చాలావాటికి కారణం, కింది నుంచి విచారణ కాగితాలు తిరిగి రాకపోవడం.

"కింది నుంచంటే ఎవలు?" అన్నారెవరో.

"దీనికి జతగా ఎంపీగారి ఉత్తరం ఉందండి," అంటూ కామేశ్వరరావు రెండో కాగితం విప్పాడు. కొంత చదివి ఆగాడు. గొంతు తగ్గించాడు. "పోచయ్య సంగతి విడిగా కనుక్కున్నారట. విచారణ కాగితం చలికాలంలోనే ఠాణా ద్వారా గ్రామ పోలీసు పటేలుకు అందిందట. జవాబు మాత్రం ఇంకా రాలేదట."

అందరి తలలూ అరుగు మీదికి తిరిగాయి.

అప్పుడైనా బాలనర్సయ్య చెప్పి ఉండవచ్చు. చెప్పాలనే నోరు తెరిచాడు కూడా. బయటికి వచ్చిన మాట వేరు.

"నాకెవడిచ్చిండు?"

పోచయ్యే ముందుకొచ్చాడు. "మా పటేలు అబద్ధమాడడు. మా నాయిన సచ్చిపోయిన దినం గూడ ఆయన దఫ్తర్ల ఉన్నది. ఠాణోళ్లే కాగితం పోగొట్టి పటేలు మీద వెట్టిండ్రు!"

ఇక జమేదారును తిట్టనివాడు లేడు. లంచం కోసమే ఆపాడన్నారు. సైకిలు ఈసారి ఊళ్లోకి రానీ అన్నారు. బాలనర్సయ్య ఆ తిట్లన్నీ కూర్చుని విన్నాడు. ఒక్కొక్క తిట్టూ సూటిగా వచ్చి తనకే తగులుతుంటే, తల మాత్రం ఊపుతూ ఉన్నాడు.

ఇంటికి వచ్చేసరికి భాగ్యమ్మ బియ్యం చెరుగుతోంది. ఆమెకు కబురు ముందే అందింది.

"గా కాగితం మన సందూకల లేదా?" అంది, చేట ఆపకుండానే.

ఆయన గడప మీదే కూర్చుండిపోయాడు. "ఉన్నది."

"మరి ఎవడిచ్చిండంటివట?"

భాగ్యమ్మ చేట కింద పెట్టి, లేచి, సందూక తెరిచి, కాగితం తెచ్చి ఆయన ఒళ్లో పడేసింది. "కిష్టమ్మ కొత్త చీర కట్టుకొని వచ్చిందట," అని మాత్రం అంది.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు తిండికి పోయిన వేళ చూసుకుని, బాలనర్సయ్య బడికి వెళ్లాడు. ఏ అద్దాలూ పెట్టుకోలేదు. కాగితం పంతులు ముందు పెట్టి నిలబడ్డాడు. "సదివి జెప్పు సారూ. నాకు రాదు."

కామేశ్వరరావు ఆయన మొహం వైపు చూడలేదు. కాగితం వైపే చూస్తూ ఒక్కో ప్రశ్న చదివి, జవాబు రాయసాగాడు.

"ఈ మనిషిని మీరు ఎన్నేళ్లుగా ఎరుగుదురు?"

"పుట్టినప్పటిసంది."

"ఇదే ఊళ్లో ఉంటున్నాడా?"

"ఎన్నడు ఊరు దాటలే."

"ఇతని మీద కేసులేమైనా ఉన్నాయా? నడవడి ఎట్లాంటిది?"

"మంచోడు. నన్ను నమ్మేటోడు."

కామేశ్వరరావు కలం ఆపి, "అయిపోయిందండీ, పటేలుగారూ. ఇంతే ఉంది," అన్నాడు.

ఇంతే ఉంది. నాలుగు ప్రశ్నలు. ఆ నాలుగింటికీ ఈ భూమ్మీద తనకన్నా బాగా జవాబు చెప్పగలవాడు లేడు. వాటికే ఆయన అయిదు నెలలు భయపడ్డాడు.

కింద ఉర్దూలో సంతకం పెట్టాడు. ఈసారి అక్షరాలు వంకర పోయాయి. ఎండలో నడిచి ఠాణాకు వెళ్లి తన చేత్తోనే ఇచ్చాడు. జమేదారు కాగితం తిప్పి చూశాడు. "నీకే ఇస్తి గద పటేలా! మీ ఊరంత నన్ను తిడుతున్నదంట?" అని నవ్వాడు. తిట్టినా బాగుండేదనిపించింది బాలనర్సయ్యకు.

బోనాలకు రెండు రోజుల ముందు ఆరుగురూ వెళ్లిపోయారు. పోచయ్య తన బామ్మర్దిని మూసాపేటలో బస్సెక్కించి, పెట్టె అందించి, నడుచుకుంటూ తిరిగొచ్చాడు. ఆ జాబితా అయిపోయింది, మళ్లీ ఎప్పుడో తెలియదని ఏజెంటు చెప్పాడు. ఊళ్లో మాత్రం ఇంకో మాట మొదలైంది. పటేలు స్వయంగా ఎండలో పోయి ఠాణా వాళ్ల మెడలు వంచాడట. పోయిన కాగితాన్ని కక్కించాడట. ఎదురైన ప్రతివాడూ అదే పొగిడేవాడు. బాలనర్సయ్య అరుగు మీద కూర్చోవడం మానేశాడు. పేపరు ఇంట్లోనే చదువుకునేవాడు. సగం దాకా చదివి మడిచేసేవాడు.

శ్రావణంలో పోచయ్యకు రిజిస్టరు పోస్టులో పాస్‌పోర్టు వచ్చింది. ఆ పుస్తకం తెరవకుండా, తువాలలో చుట్టుకుని, టెంకాయ, పావుసేరు పేడాలతో నేరుగా పటేలు ఇంటికి వచ్చాడు. వెనక కిష్టమ్మ, ఇంకో పదిమంది. కామేశ్వరరావు కూడా ఉన్నాడు. బాలనర్సయ్యను చెయ్యి పట్టుకుని తీసుకువచ్చి అరుగు మీద కూర్చోబెట్టారు.

"నువ్వు లేకుంటే ఇది రాకపోవు, పటేలా. ముందుగాల నువ్వే సదువాలె," అని పోచయ్య ఆ నల్ల పుస్తకాన్ని రెండు చేతులతో అందించాడు. ఎవరో ఇంట్లోకి పోయి బంగారు అద్దాలు కూడా తెచ్చారు.

బాలనర్సయ్య పుస్తకం తెరిచాడు. ఫోటోలో పోచయ్య మీసం కనపడింది. చుట్టూ ఇంగ్లీషు. ఒక్క "హుఁ" అంటే చాలు, ఇప్పుడైనా గండం గడిచిపోతుంది. అందరూ ఆ "హుఁ" కోసమే చూస్తున్నారు.

అద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"నాకు ఇంగ్లీషు రాదు, పోచయ్యా. ఎన్నడు రాలే. జమేదారు ఇచ్చిండు, నిజమే. అయిదు నెలలు నా సందూకల్నే ఉండె నీ కాగితం. ఎవలనన్న అడుగుదామంటే శరమైంది. ఢిల్లీ గాదు, ఠాణా గాదు. నేనే ఆపిన."

పేడాల పొట్లం పట్టుకున్న కిష్టమ్మ చెయ్యి కిందికి దిగింది. "ఒక్క మాట జెప్తే ఏం బోవు, పటేలా?" అంది. కోపంగా కూడా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

పోచయ్య చాలాసేపు ఆయన్నే చూస్తూ నిలబడ్డాడు. కొట్టవలసిన బండను చూసినట్టు, ఎక్కడ పగులుతుందో వెతుకుతున్నట్టు చూశాడు. తర్వాత ఆయన చేతుల్లోంచి పుస్తకాన్ని మెల్లగా తీసుకుని కామేశ్వరరావుకు ఇచ్చాడు.

"నువ్వు సదువు, సారూ."

కామేశ్వరరావు చదివాడు. పేరు. తండ్రి పేరు. పుట్టిన ఊరు, కొండాపూర్. పుట్టిన తేదీ.

ఆ తేదీ బాలనర్సయ్య దఫ్తర్ నుంచి వెళ్లిందే. ఆ రోజు పెద్ద వాన. వాగు దాటి వచ్చి పోచయ్య తండ్రి కొడుకు పుట్టాడని చెప్తే, తడిసిన తువాల పిండుకుంటూ తనే రాసుకున్నాడు. ఆ సంగతి చెప్పాలని నోటి దాకా వచ్చింది. కానీ ఇప్పుడు చదువుతున్నది పంతులు, వింటున్నది పోచయ్య. బాలనర్సయ్య తల దించుకుని, మిగతావాళ్లతో పాటు తనూ విన్నాడు.