మూడంతస్తులు దింపాక తెలిసిన మోకాలి చిప్ప సంగతి

ఆదివారం పొద్దున పదిన్నరకు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ నుంచి ఫోన్. మా అమ్మాయి హారికకు మోకాలు నొప్పట, వచ్చి తీసుకెళ్ళమన్నారు. సరిగ్గా వారం వారం పెట్టే పరీక్ష మొదలయ్యే వేళకే! ఆ పరీక్షంటే దానికి వణుకు. నాకేమో అనుమానం పుట్టుకతోనే వచ్చింది. వనస్థలిపురం నుంచి ఆటోలో ఎల్బీనగర్, అక్కణ్ణుంచి మెట్రోలో మూడో స్టేషన్. ముప్పావుగంటలో చేరాను.

మూడో అంతస్తులో కాలు చాపుకుని కూర్చుంది. "బెంచీలోంచి లేస్తూ పక్కకు తిరిగాను నాన్నా. పాదం ఇరుక్కుని చిప్ప బయటికి జరిగిపోయింది. కాలు చాపగానే టక్కుమని లోపలికొచ్చేసింది" అంది. నేను చూసేసరికి చిప్ప దాని చోటే ఉంది. కాస్త వాపు, అంతే. పక్కకు పోయిన చిప్ప దానంతటదే తిరిగొస్తుందా? నా చెవిలో పువ్వు పెడుతోందనుకున్నాను. "చాల్లే వేషాలు, నడువ్" అని మెట్లన్నీ దింపించాను. ఏడుస్తూనే దిగింది.

నిజమో అబద్ధమో అక్కడే తేలుతుందని ఎల్బీనగర్‌లోని ఆస్పత్రికి ఆటో మాట్లాడాను, నూట ఇరవై. డ్రైవర్ నల్గొండ వైపు మనిషి, హారిక కుంటడం చూసి ఏమైందని దాన్నే అడిగాడు. "చిప్ప జరిగిందా సార్? మా తమ్మునికి కబడ్డీల గిట్లనే అయింది. జర కాలు మడవనియ్యకుండ్రి. నాకు తెలిసిన దవాఖాన ఉంది, పోనియ్యనా?" అన్నాడు. కమీషన్ బేరం కాబోలనుకుని, "నేను చెప్పిన చోటికే పోనివ్వు" అని కసిరాను. పాపం, అతను హారికను వెనక సీటంతా కాలు చాపి కూర్చోబెట్టి, నన్ను తన పక్కన సర్దుకోమన్నాడు.

ఆస్పత్రిలో చూపించుకోవడానికి ఐదు వందలు. డాక్టరమ్మ కాలు చాపించి, బొటనవేలితో చిప్పను మెల్లగా బయటివైపు నెట్టబోయింది. హారిక మొహం పాలిపోయింది. "వద్దు మేడం!" అంటూ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

"గిదే గుర్తు. మళ్ల జారుతదేమోనని భయం. చిప్ప లోపటికి వచ్చింది గదా, ఏం కాలేదనుకోవద్దు. ఇక్కడిదాంక ఎట్ల తెచ్చిన్రు?" అని అడిగింది డాక్టరమ్మ.

"మెట్లు... నడిపించానండీ" అన్నాను. ఆవిడ నావైపు చూసిన చూపుకు తలెత్తలేకపోయాను. ఎక్స్‌రేలో ఎముక ముక్క ఊడలేదని తెలిశాక గాని నాకు ఊపిరాడలేదు. మోకాలికి బెల్టు, ఐసు, కొన్నాళ్ళు చంకకర్రలు, ఆ తర్వాత తొడ కండరాలకు వ్యాయామాలు రాసిచ్చింది.

ఇంటికొస్తుంటే "తప్పయింది తల్లీ" అన్నాను. "నువ్వొచ్చినప్పుడు ముందు నా కాలు చూడలేదు నాన్నా. అబద్ధమాడుతున్నానా అని మొహం చూశావు" అంది. ఇన్నేళ్ళుగా నా అనుమానాన్ని తెలివి అనుకుంటూ వచ్చాను. ఆ తెలివి నా కూతురి మోకాలికే ఎసరు పెట్టబోయింది.

మీకూ ఇలాంటి ప్రయాణం తప్పకపోతే ఒక్క మాట. చిప్ప పక్కకు జరిగి కనిపిస్తే మీరు నొక్కకండి, కాలు ఉన్నదున్నట్టే కదలకుండా దిండు మీద పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళండి. దానంతటదే సర్దుకున్నా సరే, డాక్టరు చూసేదాకా బిడ్డను ఎత్తుకునైనా దింపండి గాని, ఒక్క మెట్టు కూడా నడిపించకండి.