ఖాళీ గదికి కావలి

మొన్న శుక్రవారం పొద్దున మా తమ్ముడు పోయాడు. లోవు ఊళ్ళో, మా ఇంట్లోనే. దీపం పెట్టి, టీ తీసుకెళ్ళి పిలిచాను. పలకలేదు. మన ఫిజీ తెలుగు సంఘంలో చాలామంది వాడిని రామనవమికి రాని మనిషిగానే ఎరుగుదురు. ఎందుకు రాలేదో చెప్పాలనిపించింది.

వాడిది రాజధాని సువాలో ప్రభుత్వ ఉద్యోగం. మన సముద్రం అడుగున నేల ఎలా ఉందో ఓడలు కొలిచి, ఆ కొలతలను టేపుల మీద ఎక్కించి వాళ్ళ ఆఫీసుకు ఇచ్చేవి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో రాసిన నిబంధనల ప్రకారం టేపులు ఆఫీసులోనే ఉండాలి. నిల్వ గది పొడిగా ఉండాలి. తాళంచెవి ఒక్క అధికారి దగ్గరే ఉండాలి. ఆ అధికారి మావాడు. సువా వాన మీకు తెలిసిందే. గదిలో తేమ లాగే యంత్రం, దాని కింద బకెట్. పొద్దునా సాయంత్రం, ఆదివారమైనా, వాడే పారబోయాలి.

ఎప్పుడైనా లోవు వస్తే మధ్యాహ్నానికి బస్సు దిగేవాడు. నా పూజకు సువా మార్కెట్ పూలు తడిగుడ్డలో చుట్టి తెచ్చేవాడు. అన్నం తిని మళ్ళీ బయల్దేరేవాడు.

"ఒక్క రాత్రి పండుకొని పోరా," అనేది అమ్మ.

"బకెట్ నిండుతది అమ్మా."

"నా కడుపున పుట్టినావా, బకెట్ కడుపున పుట్టినావా?"

అందరం నవ్వేవాళ్ళం. వాడు చెప్పులేసుకునేవాడు.

కొలతలు కంప్యూటర్లలోకి వెళ్ళాయి. టేపులు చదివే యంత్రం కూడా మూలపడింది. పాత నిబంధనలు తీసేయమని ముసాయిదా రాసింది వాడే. ప్రభుత్వం మారినప్పుడల్లా అది మొదటికొచ్చేది. పక్క బల్ల ఫిజియన్ స్నేహితుడు మత్తు వేరు కలిపిన యంగోనా నీళ్ళు తాగుతూ ఆటపట్టించేవాడట: "బయట అంత సముద్రం పెట్టుకుని లోపల నీళ్ళు తోడుతున్నావా?"

చివరికి పైవాళ్ళు నిబంధనల్లో టేపుల మాట ఉన్న చోటల్లా కొట్టేశారు. టేపులు లారీ ఎక్కాయి. గది పొడిగా ఉండాలన్న నిబంధనలో టేపుల మాట లేదు. అది మిగిలిపోయింది.

"కా కరే, దీదీ, ఏం చేయాల," అన్నాడు ఫోనులో. "ఖాళీ గది. అయినా పొడిగా ఉండాల."

"పైవాళ్ళకి చెప్పినావా?"

"చెప్పినా. కానూన్ హై, చట్టం ఉంది, అంటారు."

ఆ వానల్లోనే అమ్మ పోయింది. తలకొరివి పెట్టి, స్నానం చేసి, తడి జుట్టుతోనే బస్సెక్కాడు. ఈ రాత్రైనా ఉండమన్నాను. "కొట్టేసేదాకా నిబంధన ఉన్నట్టే, దీదీ," అన్నాడు. ఆ మాట వాడు ఎప్పుడూ అనేదే. ఆ రోజు మాత్రం నా వైపు చూడలేదు.

ఆ మిగిలిన నిబంధననూ కొట్టేశాక లోవు వచ్చేశాడు. అమ్మ మంచం మీదే పడుకునేవాడు. తాళంచెవి ఇచ్చేశాడు గానీ, పొద్దున్నే లేచి చొక్కా జేబు తడుముకునేవాడు. బకెట్ మాత్రం వెంట తెచ్చుకున్నాడు. దాన్ని రేకుల చూరు కింద పెట్టి, పడ్డ నీళ్ళు రెండు పూటలా తులసికి పోసేవాడు. రోజూ ఆ బకెట్ నుంచి వాడికి విడుదల ఇమ్మని దేవుణ్ణి అడిగేదాన్ని. ఇంట్లో ఒక మనిషి అలికిడి ఉన్నందుకు దణ్ణం పెట్టుకునేదాన్ని.

నిన్న వాన పడింది. చూరు కింద బకెట్ నిండి, నీళ్ళు అంచు దాటి మెట్ల మీదికి కారుతున్నాయి.